మా మేనత్త, కొండి కోసిన రూపాయలు

పొద్దున్నే గిల్టు గొలుసులు అట్టలకు గుచ్చుకుంటూ కూర్చుంటే ఆసిఫాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త ఇంటి పక్కాయన.

"మీ అత్త పోయింది తమ్మీ. రాత్రి తిని పన్నది, మల్ల లేవలే."

"ఎవలన్న కొట్టిండ్రా కాకా?"

"లే తమ్మీ. ఎవలు కొట్టలే. నిద్రలనే పోయింది."

నిద్రలో పోయిన ముసలామె గురించి ఎవరైనా అలా అడుగుతారా అని మీకు అనిపించవచ్చు. మా మేనత్తను ఎరిగిన వాళ్ళందరూ ఆ రోజు అదే అడిగారు. బస్సులో నా పక్కన కూర్చున్న మందమర్రి ఆయన, ఎప్పుడో ఆమెకు వెండి అమ్మినాయన, "ఎవన్ని కొట్టవోయి పడ్డది?" అన్నాడు. మా బాపు ఉన్నన్నాళ్ళూ "మా అక్క మంచంల వడి చావది, ఎవన్నో సంపవోయి చస్తది" అనేవాడు. ఆమె అది విని కోప్పడేది కాదు, మురిసేది. అలాంటి మనిషి చప్పుడు లేకుండా పోయిందంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. రాయడం నా పని కాదు. గిరాకీ లేనప్పుడు ఫోన్లో కొట్టుకుంటూ పోతున్నా, తప్పులుంటే సర్దుకోండి.

నాది కరీంనగర్‌లో గిల్టు నగలు, గాజుల దుకాణం. చిన్నదే. వారం వారం మూటలు కట్టుకుని ఆసిఫాబాద్ అంగడికి పోతాను. అక్కడ మా మేనత్త దుకాణం ముందర అరుగు నాది. లోపల ఆమె పాత వెండి కొనేది. కడియాలు, పట్టగొలుసులు, పాత రూపాయలు. కడియాలూ గొలుసులూ కరిగించే వాళ్ళకు పోయేవి. రూపాయల్లో మంచివి మాత్రం ఏరి, మెత్తటి గుడ్డలో చుట్టి పక్కన పెట్టేది. నాగ్‌పూర్ నుంచి ఒక సేటు వచ్చి వాటిని కొనుక్కుపోయేవాడు. పాత నాణేలు పోగుచేసే షోకు ఉన్నవాళ్ళకు అమ్ముకునే సేటు.

మా మామ తొందరగానే పోయాడు. పిల్లలు లేరు. దుకాణం ఆమె ఒక్కతే నడిపింది. వెండి కొనే చోట ఒంటరి ఆడమనిషి అంటే దొంగలకూ తాగుబోతులకూ అలుసే కదా. ఆమె ముందు నోటితో, ఆ తర్వాత చేత్తో, అదీ చాలకపోతే చేతికి ఏది అందితే దాంతో నెగ్గుకొచ్చింది. ప్రేమ కూడా అదే దారిలో వచ్చేది. "ఇంకొక రొట్టె తినకుంటే పండ్లు రాలగొడత" అని జొన్నరొట్టె మీద మిరపకాయ తొక్కు వేసి పెట్టేది. నా పెళ్ళిలో మా ఆవిడ గడ్డం పట్టుకుని, "వీడు నిన్ను ఒక్క దెబ్బ కొట్టిండంటే చెప్పు, వీని చెయ్యి కోసి నీ చేతుల వెడత" అని దీవించింది. మా అత్తగారి వైపు వాళ్ళు ఆ రోజు సరిగా అన్నం తినలేదు.

ఆమె దగ్గర ఏ రూపాయికైనా రెండు ధరలు. ఒకటి బొమ్మ ధర, ఇంకొకటి తూకం ధర. చార్మినార్ ఉన్న నిజాం నాటి హాలీ రూపాయి గానీ, రాణి బొమ్మ రూపాయి గానీ, ఎన్నేళ్ళ నలుపు పట్టిందో ఆ నలుపుతోనే, ఎవరూ చెయ్యి చేసుకోకుండా ఉంటే బొమ్మ ధర. దాన్ని తోమినా, తేజాబులో, అంటే యాసిడ్‌లో ముంచినా, బెజ్జం కొట్టినా, దారానికి గుచ్చుకోవడానికి కొండి అతికించినా, పేరు చెక్కించినా, బంగారు నీళ్ళు పోయించినా తూకం ధర. అంటే ఉత్త వెండి ముక్క ధర. రెంటికీ మధ్య తేడా చూస్తే ఏడుపొస్తుంది. మీ ఇళ్ళల్లో కూడా పాత రూపాయలు ఉండే ఉంటాయి. పండగొస్తే తోమి దేవుని ముందు పెట్టాలని చెయ్యి గుంజుతుంది. ఆగండి. దేవుడు నల్ల రూపాయిని కూడా తీసుకుంటాడు. నాగ్‌పూర్ సేటు తోమినదాన్ని తీసుకోడు.

"పైస మీద కాలం కూసుంటది అల్లుడా" అనేది మేనత్త. "వాళ్ళు డబ్బులిచ్చేది గా కాలానికి. దాన్ని చింతపండు వెట్టి తోమి పారేసినంక ఇంకేం అమ్ముతవ్, నీ తలకాయా?"

ఈ మాట ఆమె నెమ్మదిగా చెప్పిన రోజు నాకు గుర్తు లేదు. ఒకసారి ఒక హోటలాయన వచ్చాడు. బిడ్డ లగ్గం ఉంది. తాత నాటి రాణి బొమ్మ రూపాయికి బంగారు నీళ్ళు పోయించి, చుట్టూ ఎర్రరాళ్ళు పొదిగించి, వెనక వైపు బిడ్డ పేరూ అల్లుని పేరూ చెక్కించుకుని తెచ్చాడు. అమ్మడానికి కాదట. "దీని ధర ఎంతుంటదో చెప్పు, వియ్యపోల్లకు చెప్పుకుంట" అన్నాడు. మేనత్త అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"దీన్ని సంపినవ్ గదనే."

"ఏందీ?"

"సంపి, తానం వోసి, బొట్టువెట్టి, పూలేసి తెచ్చినవ్. గిప్పుడు పీనుగకు ధర చెప్పుమంటున్నవ్."

లగ్గం మాట మాట్లాడుతుంటే పీనుగంటావా అని ఆయన బల్ల మీద గుద్దాడు. దాని మీద పరిచిన అద్దం పగిలి ఆయన చేతికే గుచ్చుకుంది. రక్తం కారుతున్న చేత్తోనే మేనత్త మీదికి వచ్చాడు. ఈమె తక్కెడలోంచి తూకం రాయి తీసి విసిరింది. అది ఆయన చెవి పక్క నుంచి పోయి నా అరుగు మీద గాజుల డబ్బాలో పడింది. ఆయన వెళ్ళిపోయాక నేను పెంకులు ఏరుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుంది. "నువ్వు గూడ గిల్టు పూస్తవ్ గదా అని మనసుల వెట్టుకోకు. నువ్వు ఇత్తడికి పూస్తవ్. లేనోనికి మంచి అంగి తొడిగినట్టు. గాడు ఉన్నోనికి ముసుగేసిండు" అంది. అదే ఆమె ఓదార్పు.

ఇంకోసారి ఒక బక్కపలచటి మనిషి రెండు బొమ్మల రూపాయి పట్టుకొచ్చాడు. అటు చూసినా రాణి, ఇటు చూసినా రాణి. టంకశాలలో పొరపాటున అచ్చయింది, దేశంలోనే దొరకదు అన్నాడు. మేనత్త దాన్ని గోటితో మీటింది. మంచి రూపాయి మీటితే చాలాసేపు పాడుతుంది. ఇది టక్కుమని ఊరుకుంది. పట్టెడ మీద, అదే ఇనుప దిమ్మె మీద పెట్టి సుత్తెతో ఒక్కటి వేసింది. రూపాయి రెండు చిప్పలుగా విడిపోయింది. రెండు మంచి రూపాయలను అడ్డంగా అరగదీసి, బొమ్మ ఉన్న సగాలు రెండూ మాటు పెట్టి అతికించాడన్నమాట. ఒక అబద్ధం కోసం రెండు నిజమైన రూపాయలు ఖతం.

వాడు బల్ల దాటి ఆమె గొంతు పట్టుకున్నాడు. నేను లోపలికి ఉరికేసరికే ఆమె ముఖం నల్లబడుతోంది. చేతిలో సుత్తె మాత్రం వదల్లేదు. దాంతో వాని మోకాలి చిప్ప మీద కొట్టింది. వాడు అక్కడే కుప్పకూలి ఏడ్చాడు. ఆమె దగ్గి దగ్గి, నీళ్ళు తాగి, వాని మోకాలికి పసుపు వేసి కట్టు కట్టింది. కడుతూ కడుతూ తిట్టింది. "గంత మంచి పనితనం ఉన్నది నీ చేతుల. అతుకు దొరకనే దొరకది. గా చేతులతోని సక్కటి పని చేసుకోరాదురా దొంగపోరడా?" వాడు కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. వారం పాటు ఆమె మెడ మీద వాని వేళ్ళ గుర్తులు నీలంగా ఉన్నాయి. అడిగిన వాళ్ళకల్లా కొంగు తీసి చూపించింది.

ఇంట్లో టీవీ పెట్టుకుంటే కుస్తీలే చూసేది. ఆ అమెరికా కుస్తీలు ఉంటాయి కదా, తాళ్ళ మధ్య ఎగిరెగిరి దూకుతారు. అవి ఉత్తుత్తివని ఎవరైనా అంటే కొట్టడానికి లేచేది. "గుద్దు, మెడల గుద్దు, లేవనీయకు" అని మంచం కోడు గుద్దేది. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, ఓడినవాడి ముఖం దగ్గరగా చూపించినప్పుడు మాత్రం "అయ్యో బిడ్డా, మీ అవ్వ చూస్తున్నదో ఏమో" అనేది.

ఆమెకు రెండు చెవుల తమ్మెలూ తెగి ఉండేవి. నేనొకసారి అడిగాను. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో కొండగట్టు మొక్కు తీర్చుకుని బండి మీద వస్తుంటే దొంగలు అడ్డం పడ్డారట. కమ్మలు తీసిచ్చే లోపలే గుంజారు.

"తీసిస్తున్న గదరా అంటనే ఉన్న. ఇంటలేడు. చెవులు చిరిగి రెండు పక్కల నెత్తురు. నేను ఒకని బొటనవేలు కొరికిన. సగం నా నోట్లనే ఉన్నది."

"అత్తా, నేనిప్పుడే తిన్న."

"అడిగినవ్ గద, విను. కమ్మలు పోయినయని ఏడ్వలే నేను. మా అవ్వ పెట్టిన కమ్మలు. అవి పెట్టేటప్పుడు మా అవ్వ చేతులు ఎట్ల వణికినయో నాకు యాదికుండె. గుంజినోడు అదిగూడ గుంజుకపోయిండు. గిప్పుడు చెవు ముట్టుకుంటే వాని చెయ్యే యాదికొస్తది, మా అవ్వ చెయ్యి రాదు."

ఆమె అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నాతో ఇంత మెత్తగా మాట్లాడలేదు.

ఇక అసలు సంగతి చెప్తాను. ఆమె దుకాణం పక్కన అంగడి రోజు ఒకామె కందిపప్పు, పెసర్లు అమ్మేది. వాంకిడి దిక్కు పల్లె. భర్త చనిపోయాడు. ఇద్దరు కొడుకులు పనులకు వేరే ఊళ్ళు పట్టిపోయారు. ఆమె మెడలో రూపాయల దండ ఉండేది. నల్ల దారానికి ఏడు వెండి రూపాయలు, ఒక్కోదానికి ఒక కొండి. మూడు రాణి బొమ్మలు, నాలుగు చార్మినార్లు. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. కోడలికి అత్త తన దండ వేస్తుంది, ఆ కోడలికి బిడ్డ పుట్టినప్పుడల్లా ఒక రూపాయికి కొండి అతికించి దండలో చేరుస్తారు. ఈమెకు ముగ్గురు. ఇద్దరు కొడుకులు కాక ఒక ఆడపిల్ల. ఆ పిల్ల నడక నేర్చిన ఏడే జ్వరంతో పోయింది. ఒక ఫోటో కూడా లేదు. ఆ పిల్ల పుట్టినప్పుడు ఇంట్లో వెండి లేక చార్మినార్ రూపాయికి రాగి కొండి పెట్టించారు. దండలో రాగి కొండి ఉన్నది ఆ ఒక్కదానికే. పప్పు కొలుస్తూ కొలుస్తూ ఆమె వేలు ఆ కొండి దగ్గరికి పోయేది.

నాగ్‌పూర్ సేటు ఒకసారి ఆ దండ చూసి, "బాయీ, కొండీలు పెట్టి ఖరాబు చేసిండ్రు, లేకుంటే ఏడూ మంచి ధర పలికేటియి" అన్నాడు. మా మేనత్త వెంటనే, "అది అమ్మేటిది కాదు, నీ కండ్లు పక్కకు తిప్పు" అంది. పాత రూపాయికి ఎవరైనా చెయ్యి పెడితే కొట్టే మనిషి, ఈ కొండీల మీద మాత్రం ఒక్క మాట పడనివ్వలేదు.

సేటు అన్న మాట ఆ నోటా ఈ నోటా ఆమె మరిది చెవిన పడింది. మరిది ఆటో నడిపేవాడు. ఫోన్లో వీడియోలు చూశాడు. మీరూ చూసే ఉంటారు, పాత రూపాయి ఉంటే లక్షలొస్తాయని అరుస్తుంటారు. వాడు వదినను దండ అడిగాడు. ఇవ్వనంది. అన్న సొమ్ములో తనకూ వాటా ఉందన్నాడు. ఇది అన్నది కాదు, పుట్టిన పిల్లలది అంది. వాడు జుట్టు పట్టి కింద పడేసి, వీపు మీద మోకాలు పెట్టి దండ గుంజాడు. దారం గట్టిది, తెగలేదు. మెడ తెగింది. ఆఖరికి కొడవలితో దారం కోసుకుని పోయాడు.

ఆమె అంగడి రోజు పొద్దున మెడకు పాత చీర గుడ్డ చుట్టుకుని, పప్పు మూట లేకుండా వచ్చింది. గుడ్డ విప్పి చూస్తే చుట్టూ తాడుతో కోసినట్టు ఎర్రటి గీత, చీము పట్టింది. మేనత్త ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టి, గాయం కడిగి, "ఠాణాకు పోదాం, గని ముందుగాల్ల వాడు గీడికే వస్తడు, వానికి నేను తప్ప కొనేటోళ్ళు లేరు" అంది. అన్నట్టే ఎండెక్కేసరికి ఆటో వచ్చి ఆగింది. రూపాయలకు కొండీలు లేకపోతే ఎవరూ గుర్తుపట్టరని వాని ధైర్యం.

బల్ల మీద తువ్వాల విప్పాడు. ఏడు రూపాయలు. అద్దాల్లా మెరుస్తున్నాయి.

"అక్కా, మా తాతలయి. ఒక్కదానికి బెజ్జం లేదు, కొండి లేదు. బొమ్మ ధరనే కావాలె."

మేనత్త ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చూసింది. ఏమీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతేనే నాకు భయం. నేను అరుగు దిగి లోపలికి వచ్చి నిలబడ్డాను.

"ఎవడు గీకిండ్రా?"

"ఎవడు గీకలే. గట్లనే ఉన్నయ్."

"అంచులను ఆకురాయి తిన్నది. ముఖాలను తేజాబు తిన్నది. చార్మినార్లకు మీనార్లు సగం లెవ్వు. మీ తాత గీకిండా?"

వాడు ఒప్పుకున్నాడు. "కొండి ఉంటె ధర రాదన్నరు. నున్నగ మెరిస్తె లచ్చలొస్తయన్నరు."

"సగం నిజమే చెప్పిండ్రు. కొండి వెట్టిన్నాడే ధర పోయింది. కోసినంత మాత్రాన పోయిన ధర మల్ల రాదు బిడ్డా. ఒకటే గాయం ఉండె, నువ్వు ఇంకొకటి చేసినవ్."

"ఎంతిస్తవో చెప్పు."

"తూకం. అదిగూడ నీకు కాదు. రూపాయలు ఎవలయో వాళ్ళకు పోతయ్."

వానికి అప్పుడు అర్థమైంది. "దొంగదానా, నువ్వూ మా వదినా కలిసి నా నోట్ల మన్ను కొడుతున్నరా" అంటూ పట్టెడ పక్కనున్న సుత్తె అందుకున్నాడు. మేనత్త పక్కకు జరిగింది. తలకు తగలాల్సిన దెబ్బ భుజం మీద పడింది. ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడు. నేను వాని నడుం పట్టుకుంటే మోచేత్తో నా మూతి మీద కొట్టాడు. ముందు పన్ను ఊడి నా నాలుక మీదికి వచ్చింది. నేను రక్తం ఉమ్మే లోపలే వాడు రూపాయలన్నీ గుప్పిట్లోకి ఊడ్చుకుని వాకిలి వైపు ఉరికాడు. మేనత్త ఒక చెయ్యి వేలాడుతూ ఉండగానే రెండో చేత్తో కొక్కెం గుంజి షట్టర్‌ను కిందికి లాగింది. వాడు వంగి దాటబోయాడు. ఒళ్ళంతా దాటింది, వెనక పడిన చెయ్యి దాటలేదు. షట్టర్ ఆ మణికట్టు మీద పడింది.

వాడు బయట నుంచి అరిచిన అరుపు అంగడంతా విన్నది. మేనత్త షట్టర్ అంచు మీద కాలు పెట్టి నిలబడింది.

"గుప్పిట ఇప్పు."

"చెయ్యి పోయిందే అవ్వా..."

"ఇప్పు."

వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. రూపాయలు దుకాణం లోపలికి దొర్లాయి. "ఏరు అల్లుడా" అంది. నేను నోట్లోంచి రక్తం కారుతుండగా మోకాళ్ళ మీద పాకి అన్నీ ఏరాను. అప్పుడు ఆమె కాలు తీసింది. బయట జనం వాణ్ణి పట్టుకున్నారు. పోలీసులు వచ్చారు, కేసు నడిచింది, వాని చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆ సంగతులు వదిలేయండి.

నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాత జరిగిన దాని గురించి. లోపలి గదిలోంచి ఆ పప్పులామె వచ్చింది. మరిది ఎక్కడున్నాడని చూడలేదు. మేనత్త భుజం వైపూ చూడలేదు. నేలమీద కూర్చుని రూపాయలు తన కొంగు మీద పరుచుకుంది. రాణి బొమ్మలు మూడూ పక్కన పెట్టింది. నాలుగు చార్మినార్లు మిగిలాయి. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. రాగి కొండి లేదు, దాని మాటు మరక లేదు, అంచున గీత కూడా లేదు. అన్నిటినీ తిప్పి తిప్పి చూసింది. వేలితో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు తల నేలకు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఏదక్కా? నా బిడ్డది ఏదక్కా? వాడు నా పీక కోసినా ఊకుందును. గిండ్ల నా బిడ్డ ఏది?"

నేను పట్టుకున్నా ఆగడం లేదు. నుదురు చిట్లింది. మేనత్త విరిగిన భుజంతోనే ఆమె ఎదురుగా కూర్చుంది. జుట్టు పట్టి తల ఎత్తింది.

"జర ఆగవే చెల్లె. ఊపిరి వట్టు. నేను చెప్త."

నాలుగు రూపాయలనూ వరసగా పెట్టుకుంది. ఒక్కోటీ మీటి చెవి దగ్గర పట్టుకుని విన్నది. మళ్ళీ మీటింది. నొప్పికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి. ఆఖరికి మూడోది తీసి ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"గిదే. రాగి కరిచిన వెండి మోత మారుతది. ఎంత గీకినా పోదు. గిదే నీ బిడ్డ."

"నిజంగనా అక్కా?"

"నేను రూపాయి చూసి అబద్ధం చెప్పంగ ఇన్నవా ఎన్నడన్న?"

ఎవరూ వినలేదు. అది నిజం. ఆ జిల్లాలో ఎవరూ వినలేదు. ఆమె ఆ గుప్పిటను గుండెకు అదుముకుని, ఊగుతూ, మెల్లగా ఏదో పేరు పిలుచుకుంది.

ఆసుపత్రిలో మేనత్త భుజానికి కట్టు కడుతుంటే నేను అడిగాను. నా మూతి ఉబ్బి మాట సరిగా రావడం లేదు. "అత్తా, రాగి మాటుకు మోత మారుతదా నిజంగ?"

"నాకేమెరుక? నాలుగిట్ల ఒకటి."

"మరి చెప్పినవ్ గద."

"చెప్పకపోతె అది నా ముంగటనే తల వలగ్గొట్టుకొని సచ్చేటిది." కట్టు బిగిసేసరికి పళ్ళు బిగబట్టింది. "నేను చూపిచ్చినందుకు కాదురా. గా తల్లి పట్టుకున్నది గదా, గందుకే గది ఆ పిల్లదైంది. ఇగ నోరు మూసుకో. ఎవలకన్న చెప్పినవంటే ఉన్న పండ్లు గూడ రాలగొడత."

చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, కొట్టడానికి ఆమె లేదు గనుక. ఆ పప్పులామె చదవదు, చదివి వినిపించే వాళ్ళెవరూ ఆమెకు ఈ ముక్క వినిపించరని మీ మీద నమ్మకం.

కట్టు ఆరకముందే మేనత్త ఆమెను నగలు చేసే అవుసులాయన దగ్గరికి తీసుకుపోయింది. ఏడు రూపాయలకూ మళ్ళీ కొండీలు పెట్టించింది. మాటు వేస్తుంటే పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, "మెల్లగ, మెల్లగరా, మంట దగ్గరికి పోనియ్యకు" అని ఆయన్ను తిడుతూనే ఉంది. ఆ ఒక్కదానికి రాగి కొండి. తేజాబు తిని, ఆకురాయి తిని, రెండోసారి కొండి పడ్డ రూపాయి అంటే పోగుచేసేవాడు చేత్తో కూడా ముట్టడు. నాగ్‌పూర్ సేటు తర్వాతి నెల వచ్చి ఆ దండ చూసి మొహం తిప్పుకున్నాడు. మేనత్త ఆయనకు చాయ్ పోస్తూ, "నీకు పనికొచ్చేటిది కాదు సేటూ, అది అసలుది" అంది. ఆయనకు అర్థం కాలేదు, నవ్వాడు.

నేను ఆసిఫాబాద్ చేరేసరికి ఆమెను వాకిట్లో పండబెట్టారు. స్నానం అయింది. పసుపు రాశారు. నుదుటి మీద రూపాయి పెట్టాలి, పోయేవాళ్ళకు పెడతారు కదా. అందరూ జేబులు తడుముకుంటున్నారు. బతుకంతా రూపాయల మధ్యే బతికిన మనిషికి పెట్టడానికి ఎవరి దగ్గరా బిళ్ళ లేదు, అన్నీ నోట్లూ ఫోన్లే. నేను కిరాణం దుకాణానికి పోబోతుంటే పప్పులామె జనాన్ని తోసుకుని వచ్చింది. వాంకిడి దిక్కు నుంచి ఏ బండి దొరికితే అది పట్టుకుని వచ్చినట్టుంది, కాళ్ళకు చెప్పుల్లేవు. మెడలో దండ ముడి విప్పి, నడుమ రూపాయి ఒక్కటి తీసింది. రాగి కొండి ఉన్నది. దాన్ని తెచ్చి మా మేనత్త నుదుటి మీద పెట్టింది.

కొండి ఉన్న రూపాయి నుదుటి మీద సరిగా కూర్చోదు. ఒక పక్కకు ఒరిగి జారుతుంది. ఆమె బొటనవేలితో అదిమి పట్టుకుంది.

"తియ్యమ్మా, పాడె లేపాలె" అన్నారు పెద్దలు.

"లేపుండ్రి. నేను పట్టుకునే నడుస్త."

ఆడవాళ్ళు అంత దూరం రాకూడదని ఎవరో అన్నారు. ఆమె విననట్టే ఉంది. పాడె భుజాలకెక్కింది. ఆమె పక్కన చెయ్యి పైకెత్తి, మునివేళ్ళ మీద నడుస్తూ వచ్చింది. నేను ముందు కుండ పట్టుకుని నడుస్తున్నాను. అంగడి బజారు దాటాం. దింపుడు కల్లం దగ్గర పాడె కిందికి దించారు. మూడుసార్లు చెవిలో పిలవాలి. నేను వంగి, తెగిన ఆ తమ్మె దగ్గర నోరు పెట్టి, అత్తా, అత్తా, అత్తా అని పిలిచాను. నా కళ్ళ ముందు, చెమటకూ పసుపుకూ తడిసిన ఆ బొటనవేలు ఇంకా రూపాయిని పట్టుకునే ఉంది.